బడి వెలుపల పుట్టిన గ్రంథాలయం: తెలుగు నాట పాఠశాల గ్రంథాలయాల చారిత్రక నేపథ్యం

వ్యాససంగ్రహం:

తెలుగు ప్రాంతాల్లో గ్రంథాలయోద్యమానికి శతాబ్దానికి పైబడిన చరిత్ర ఉంది. ఆధునిక పాఠశాల చరిత్ర అంతకంటే పాతది. ఈ రెండూ కలవవలసిన చోటు పాఠశాల గ్రంథాలయం. అది మాత్రం బలహీనంగానే మిగిలింది. నిధుల కొరతే దీనికి కారణమని చెప్పడం పరిపాటి. గ్రంథాలయం బడి వెలుపల, బడి చేయని పని కోసం పుట్టడం, తర్వాత వచ్చిన చట్టం ఆ విభజననే స్థిరపరచడం, బడి లోపల పుస్తకాన్ని చదువు సామగ్రిగా కాక ఆస్తిగా లెక్కించడం అంతకంటే లోతైన కారణాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: పాఠశాల గ్రంథాలయం, గ్రంథాలయోద్యమం, గ్రంథాలయ పన్ను, ఉపవాచకం, స్వతంత్ర పఠనం.

1. ఉపోద్ఘాతం

పాఠశాల గ్రంథాలయం విద్యార్థి అభ్యసనానికి తోడ్పడుతుందన్న మాటను కాదనేవారు లేరు. విద్యా కమిషన్ల నివేదికలు, శాఖాపరమైన ఉత్తర్వులు, గ్రంథాలయ వారోత్సవాల ఉపన్యాసాలు అన్నీ ఈ మాటే చెబుతాయి. ఇంత ఏకాభిప్రాయం ఉన్న విషయం ఆచరణలో ఇంత బలహీనంగా ఎందుకు ఉందన్నది చరిత్ర వైపు నుంచి అడగవలసిన ప్రశ్న.

గ్రంథాలయానికీ అభ్యసనానికీ ఉన్న సంబంధాన్ని కొలిచే ప్రయత్నాలు విదేశాల్లో చాలా జరిగాయి. 1993లో కీత్ కరీ లాన్స్, ఆయన సహచరులు అమెరికాలోని కొలరాడో రాష్ట్ర పాఠశాలలపై వెలువరించిన అధ్యయనం వాటిలో ప్రసిద్ధమైనది. కుటుంబాల ఆర్థిక స్థితిగతుల్లోని తేడాలను లెక్కలోకి తీసుకున్న తర్వాత కూడా, గ్రంథాలయ సిబ్బంది, పుస్తకాల సంఖ్య మెరుగ్గా ఉన్నచోట విద్యార్థుల పఠన పరీక్షల ఫలితాలు మెరుగ్గా ఉన్నాయని వారు చూపారు. అదే ఏడాది స్టీఫెన్ క్రాషెన్ తన గ్రంథంలో, పిల్లలు తమకు నచ్చిన పుస్తకాన్ని పరీక్ష భయం లేకుండా చదివినప్పుడే పదసంపద, వర్ణక్రమం, రచనాశక్తి పెరుగుతాయని వాదించారు. ఈ ఫలితాలను మన బడులకు నేరుగా అన్వయించడం తొందరపాటు. లాన్స్ బృందం కొలిచింది పనిచేస్తున్న గ్రంథాలయాన్ని. తాళం వేసిన బీరువా విద్యార్థి అభ్యసనంపై చూపే ప్రభావాన్ని కొలవవలసిన అవసరం వారికి రాలేదు. ఆ తాళం ఎలా పడిందన్నదే ఇక్కడి పరిశీలనాంశం.

2. కంఠస్థ విద్యలో పుస్తకం

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో రాజధానిలోని దేశీయ పాఠశాలల వివరాలు పంపమని కలెక్టర్లను కోరాడు. వచ్చిన సమాధానాల్లో బళ్లారి కలెక్టరు ఎ. డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక విశిష్టమైనది. ఆయన 1816లోనే తెలుగు వ్యాకరణం ప్రచురించిన వ్యక్తి కావడం వల్ల, లెక్కలతో ఆగక బోధనా విధానాన్ని కూడా దగ్గరగా చూశాడు. ఆ జిల్లాలో 533 విద్యాలయాలు, 6,641 మంది విద్యార్థులు ఉన్నట్లు నమోదు చేశాడు. వాటిలో 226 తెలుగు బడులు.

క్యాంప్‌బెల్ పరిశీలనల్లో మన చర్చకు పనికివచ్చేది పుస్తకాల గురించి. తెలుగు, కన్నడ బడుల్లో వాడే పుస్తకాలన్నీ పద్యరూపంలో, వాడుక భాషకు దూరమైన భాషలో ఉన్నాయనీ, పిల్లలు అసంఖ్యాకంగా పద్యాలు అప్పజెప్పగలిగినా వాటి అర్థం వారికి తెలియదనీ ఆయన రాశాడు. వలసపాలకుడి దృష్టిలో ఉండే తక్కువచూపును పక్కన పెట్టి చదివినా ఇందులో ఒక వాస్తవం కనిపిస్తుంది. ఆ విద్యలో పుస్తకం నోటికి రావలసిన వస్తువు. ఒకసారి కంఠస్థమయ్యాక తాళపత్రంతో పని లేదు. పెద్ద గ్రంథరాశి విద్యార్థికి అవసరమయ్యే వ్యవస్థ కాదది. అమరకోశం, భాగవత ఘట్టాలు, సుమతీ శతకం చిన్న వయసులోనే నోటికి పట్టించడంలో ఉన్న భాషాప్రయోజనాన్ని ఈ వ్యాసకర్త తక్కువ చేయడం లేదు. అందులో ఒకే గ్రంథాన్ని లోతుగా పట్టుకునే శిక్షణ ఉంది. పుస్తకాన్ని ఎంచుకునే అవకాశం మాత్రం లేదు.

అచ్చు వచ్చాక ఈ స్వభావం వెంటనే మారలేదు. పెద్ద బాలశిక్ష ప్రజాదరణను ఈ కోణం నుంచి కూడా చూడవచ్చు. అక్షరాలు, ఎక్కాలు, నీతివాక్యాలు, పురాణ విషయాలు, తిథివార నక్షత్రాలు, భూగోళ విషయాలు ఒకే అట్టల మధ్య చేరిన పుస్తకమది. ఇంటికి ఒక పుస్తకం చాలుననుకునే సమాజానికి అది గ్రంథాలయమే. తర్వాత ప్రభుత్వ, సహాయక పాఠశాలల్లో వాచకం ఆ స్థానాన్ని ఆక్రమించింది. తనిఖీ అధికారి అడిగేదీ, పరీక్షలో వచ్చేదీ, గ్రాంటు ఆధారపడేదీ వాచకం మీదనే. 1854 వుడ్ తాఖీదు తర్వాత బడుల సంఖ్య పెరిగినా, వాచకం బయటి పుస్తకానికి బోధనలో చోటు దొరకలేదు.

దీనికి భాషాపరమైన కారణం కూడా ఉంది. 20వ శతాబ్ది ఆరంభంలో పాఠశాలల తనిఖీ అధికారి జె. ఎ. యేట్స్ తెలుగు నేర్చుకుంటూ, మాట్లాడే భాషకూ పుస్తకాల భాషకూ ఇంత దూరం ఎందుకని అడిగిన ప్రశ్న గురజాడ, గిడుగు వంటివారిని కదిలించిన సంగతి వాడుక భాషోద్యమ చరిత్రలో సుపరిచితం. ఆ వివాదాన్ని మనం శైలీ వివాదంగా, పండిత వివాదంగా చదువుతాం. దాన్ని పాఠశాల పఠన సమస్యగా చదవడం అరుదు. ఉపాధ్యాయుడు అర్థం చెప్పనిదే సాగని భాషలో ఉన్న పుస్తకాన్ని పదేళ్ల పిల్లవాడు ఇంటికి తీసుకుపోయి ఏం చేస్తాడు? స్వతంత్రంగా చదవగల వచనం లేనిచోట గ్రంథాలయం ఉన్నా ఉపయోగం స్వల్పం. గిడుగు పోరాటం పిల్లల గ్రంథాలయానికి పూర్వరంగమని చెప్పడంలో అతిశయోక్తి లేదు.

3. బడి విడిచిన వారు, బడి విడిచిన భాష

తెలుగు గ్రంథాలయోద్యమం ఈ పరిస్థితుల్లోనే, కానీ బడి వెలుపల, ఆరంభమైంది. దాని చరిత్రను కోస్తాలో ఒక విధంగా, నిజాం తెలంగాణలో మరొక విధంగా చూడాలి.

కోస్తాలో 1914 ఏప్రిల్ 10న బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన జరిగిన గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘానికి జన్మనిచ్చింది. అయ్యంకి వెంకటరమణయ్య దీనికి ప్రాణం. సంఘ పక్షాన వెలువడిన గ్రంథాలయ సర్వస్వము, ఊరూరా జరిగిన గ్రంథాలయ యాత్రలు, సభలు అన్నీ ఉద్దేశించింది ప్రధానంగా వయోజనుడిని. వార్తాపత్రిక చదివి వినిపించడం, రాత్రి బడి నడపడం, స్వాతంత్ర్యోద్యమ సాహిత్యాన్ని అందించడం ఆనాటి గ్రంథాలయాల నిత్యకృత్యాలు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు గ్రంథాలయోద్యమాన్ని, వయోజన విద్యను ఒకే పనిలోని రెండు భాగాలుగా చూడడం యాదృచ్ఛికం కాదు. 1918లో వేటపాలెంలో మొదలై, 1929లో గాంధీజీ చేతుల మీదుగా భవన శంకుస్థాపన జరుపుకున్న సారస్వత నికేతనమైనా, 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా డెల్టా కాలువల మీద నడిపిన పడవ గ్రంథాలయమైనా బడి ముగిసిన చోటి నుంచి మొదలైనవే. బడికి పోనివారు, మధ్యలో మానినవారు, చదివి మరిచినవారు వాటి పాఠకులు.

పడవ గ్రంథాలయం గురించి ఒక మాట. దాన్ని ఒక వింతగా, ఉద్యమకారుల ఉత్సాహానికి ఉదాహరణగా చెప్పి వదిలేయడం రివాజు. అసలు విశేషం దాని పద్ధతిలో ఉంది. పాఠకుడు పుస్తకం దగ్గరకు రావాలన్న నియమాన్ని అది తిరగవేసింది. రేవులో ఆగిన పడవ నుంచి పుస్తకం మనిషి చేతికి వెళ్తుంది, పడవ తిరిగి వచ్చినప్పుడు మారుతుంది. పుస్తకం కదలాలన్న ఈ సూత్రం, అదే కాలువ గట్ల మీద ఉన్న బడుల్లోకి వెళ్లలేదు.

తెలంగాణ పరిస్థితి భిన్నం. 1901 సెప్టెంబర్ 1న హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు ప్రభృతుల కృషితో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఏర్పడింది. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం, 1905లో సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయం వచ్చాయి. మొదటి రెండింటి పేర్లలో ఉన్న మాట గ్రంథాలయం కాదు, భాషానిలయం. ఉర్దూ రాజభాషగా, ఉన్నత విద్యామాధ్యమంగా ఉన్న రాజ్యంలో తెలుగుకు బడిలో దొరకని నివాసాన్ని ఈ సంస్థలు కల్పించాయి. 1906లో ఏర్పడిన విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి చరిత్ర, విజ్ఞానశాస్త్ర విషయాలను తెలుగు వచనంలో అందించే పనికి పూనుకుంది. వాచకాల్లో లేని పాఠ్యప్రణాళికను అది బడి బయట తయారుచేసిందనవచ్చు.

స్థూలంగా, కోస్తాలో గ్రంథాలయం బడి విడిచిన మనుషుల కోసం, తెలంగాణలో బడి విడిచిన భాష కోసం పుట్టింది. రెండు చోట్లా దాని బలం బడి వెలుపల ఉండడంలోనే ఉంది. ప్రభుత్వ తనిఖీకి దూరంగా ఉన్నందువల్లనే అది ఉద్యమమైంది. ఆ బలమే తర్వాతి కాలంలో బడి పిల్లలకు లోటుగా పరిణమించింది. బడి లోపల గ్రంథాలయం కావాలని అడిగే ఉద్యమం మనకు విడిగా రాలేదు.

4. బరోడా మార్గం

ఇది అనివార్యం కాదని చెప్పడానికి సమకాలీన ఉదాహరణ ఉంది. బరోడా సంస్థానాధీశుడు మూడవ సయాజీరావు గైక్వాడ్ 1893లో అమ్రేలీ ప్రాంతంలో నిర్బంధ ప్రాథమిక విద్యను ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, తర్వాత సంస్థానమంతటికీ విస్తరించాడు. బడిలో నేర్చిన అక్షరం, చదవడానికి ఏమీ లేకపోతే కొన్నేళ్లలో చెరిగిపోతుందన్న ఎరుక అక్కడ గ్రంథాలయ వ్యవస్థకు మూలమైంది. 1910లో అమెరికా నుంచి విలియం అలన్సన్ బోర్డెన్‌ను రప్పించి, కేంద్ర గ్రంథాలయం, గ్రామ గ్రంథాలయాలు, సంచార పుస్తకాల పెట్టెలతో కూడిన వ్యవస్థను ఏర్పరచారు. గ్రామస్థులు ఒక వంతు సమకూరిస్తే, స్థానిక సంస్థ ఒక వంతు, సంస్థానం ఒక వంతు ఇచ్చే పద్ధతి అక్కడిది.

బరోడాలో బడి ముందు, గ్రంథాలయం వెనుక వచ్చాయి. రెండింటికీ కర్త ఒకే ప్రభుత్వం, ఉద్దేశం ఒకే వరుసలో ఉంది. అక్షరం నిలవాలంటే పుస్తకం కావాలి. మన ఉద్యమకారులకు బరోడా సంగతి బాగా తెలుసు. 1919 నవంబర్ 14న మద్రాసులో జరిగిన అఖిల భారత గ్రంథాలయ మహాసభకు అధ్యక్షత వహించిన జె. ఎస్. కుడాల్కర్ బరోడా గ్రంథాలయ శాఖ అధికారే. అయితే బరోడాలో రాజు చేసినది ఇక్కడ ప్రజలు చేయవలసి వచ్చింది. ప్రజలు తమ చందాలతో ఊరిలో గ్రంథాలయం కట్టుకోగలరు, కాని ప్రభుత్వ బడి కాలపట్టికలో ఒక పీరియడ్ చేర్చలేరు.

5. చట్టం గీసిన గీత

స్వాతంత్ర్యానంతరం ఉద్యమ ఫలం చట్టంగా వచ్చింది. ఎస్. ఆర్. రంగనాథన్ ఎన్నో ఏళ్ల కృషి తర్వాత, టి. ఎస్. అవినాశిలింగం చెట్టియార్ విద్యామంత్రిగా ఉన్న కాలంలో 1948 మద్రాసు పౌరగ్రంథాలయాల చట్టం ఆమోదం పొందింది. స్థిరాస్తి పన్నులో రూపాయికి 6 పైల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలు చేసే ఏర్పాటు అందులో ఉంది. రూపాయికి 192 పైలు ఉన్న కాలమది. హైదరాబాదు రాష్ట్రం 1955లో తన చట్టం చేసుకుంది. రెండింటి స్థానంలో ఆంధ్రప్రదేశ్ పౌరగ్రంథాలయాల చట్టం 1960 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయాలకన్న నేటి లెక్క ఆ పరంపరలోదే. స్థానిక సంస్థలు వసూలు చేసిన పన్నును జిల్లా గ్రంథాలయ సంస్థలకు సకాలంలో జమ చేయవన్నది పాత ఫిర్యాదు. అయినా హక్కుగా అడగడానికి ఒక పద్దు ఉంది.

పాఠశాల గ్రంథాలయానికి అలాంటి పద్దు లేదు. చట్టం పేరులోనే ఉన్న ‘పౌర’ అన్న విశేషణం దాని పరిధిని నిర్ణయించింది. బడి పుస్తకాలు విద్యాశాఖ ఇచ్చే గ్రాంటు మీద, ఆ ఏటి బడ్జెటు మీద, ప్రధానోపాధ్యాయుడి అభిరుచి మీద ఆధారపడ్డాయి. గ్రంథాలయ శాస్త్రపరంగా చూస్తే ఇది వింతే. రంగనాథన్ స్వయంగా గణితాధ్యాపకుడిగా జీవితం మొదలుపెట్టినవారు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడయ్యాక కూడా ఆయనలోని ఉపాధ్యాయుడు తగ్గలేదు. 1942లో పాఠశాల, కళాశాల గ్రంథాలయాలపై ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశారు. ఆయన ఆలోచనలో కలిసి ఉన్న రెండు విషయాలు చట్టంలోకి వచ్చేసరికి విడిపోయాయి.

ఈ గీత ఎంత లోతుగా పడిందో 1953లో వెలువడిన మాధ్యమిక విద్యా కమిషన్ నివేదిక తెలుపుతుంది. దానికి అధ్యక్షుడు కర్నూలులో జన్మించిన ఆర్కాట్ లక్ష్మణస్వామి మొదలియార్. నివేదిక సిద్ధమైన కొద్ది వారాలకే అదే కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది. చాలా పాఠశాలల్లో పేరుకు తగిన గ్రంథాలయమే లేదనీ, ఉన్న పుస్తకాలు పాతబడి, పిల్లల అభిరుచితో నిమిత్తం లేకుండా కొన్నవనీ, ఆకర్షణ లేని గదిలో కొన్ని బీరువాల్లో పడి ఉంటాయనీ, వాటిని చూసేది గుమాస్తానో ఆసక్తి లేని ఉపాధ్యాయుడో అనీ కమిషన్ నిర్మొహమాటంగా చెప్పింది. శిక్షణ పొందిన గ్రంథపాలకుడు, తరగతి గ్రంథాలయాలు, విద్యార్థి తాను చదివిన పుస్తకాల గురించి రాసుకునే దినచర్య పుస్తకం, సెలవుల్లో కూడా తెరిచి ఉండే గ్రంథాలయం అన్నవి దాని సూచనలు. డెబ్బై ఏళ్ల కిందటి ఈ వర్ణనను తేదీ చెప్పకుండా ఏ ఉపాధ్యాయ శిక్షణ తరగతిలోనైనా చదివితే, వినేవారు తమ బడిని పోల్చుకోగలరు. నివేదికకు ఇంతకంటే విషాదకరమైన ప్రశంస ఉండదు.

6. బీరువా తాళం

కమిషన్ చూసిన బీరువా దగ్గర కొంచెం ఆగాలి. పాఠశాల గ్రంథాలయం పనిచేయకపోవడానికి పుస్తకాలు లేకపోవడం కంటే పుస్తకాలు బయటకు రాకపోవడం పెద్ద కారణమని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

సాధారణ జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో గ్రంథపాలకుడి పోస్టు అరుదు. కేంద్రీయ విద్యాలయాలు, నవోదయ విద్యాలయాలు, గురుకులాలు ఇందుకు మినహాయింపు. మిగతా చోట్ల తెలుగు ఉపాధ్యాయుడో, ఎవరో ఒకరు ‘గ్రంథాలయ ఇన్‌చార్జి’ అవుతారు. బాధ్యత తీసుకున్ననాడు స్టాకు రిజిస్టరులోని సంఖ్య, బీరువాలోని సంఖ్య సరిపోయాయని సంతకం చేయాలి. బదిలీ అయిననాడు మళ్లీ అదే లెక్క అప్పగించాలి. పిల్లవాడు పుస్తకం పోగొడితే, చింపితే, బడి మారిపోతూ తీసుకుపోతే లెక్క తప్పేది ఇన్‌చార్జి దగ్గర. పుస్తకం ఎవరూ చదవకపోతే మాత్రం ఎవరూ సంజాయిషీ అడగరు. ఈ ఏర్పాటులో తాళం వేయడమే తెలివైన పని. దీన్ని ఉపాధ్యాయుడి నిరాసక్తతగా నిందించడం అన్యాయం. నిబంధన ఆయనకు నేర్పిన జాగ్రత్త అది.

మధ్యయుగాల ఐరోపాలో పుస్తకాలను గొలుసులతో బల్లలకు కట్టి ఉంచిన వైనాన్ని రంగనాథన్ 1931 నాటి తన పంచసూత్రాల గ్రంథంలో, వినియోగమే గ్రంథ పరమార్థమన్న మొదటి సూత్రాన్ని వివరిస్తూ ప్రస్తావించారు. గొలుసు ఇనుముతోనే చేయనక్కరలేదు, రిజిస్టరు గడులతో కూడా చేయవచ్చు. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నిబంధనలు ఈ గొలుసును కొంత సడలించాయి. 2017 నిబంధనల ప్రకారం ఏడాదిలో వినియోగమైన ప్రతి 1,000 సంపుటాలకు 5 సంపుటాల నష్టం సహజమైనదిగానే పరిగణించవచ్చు. నిర్లక్ష్యం, నిజాయితీలేమి వల్ల జరిగిన నష్టానికి, అరుదైన లేదా 1,000 రూపాయలకు మించిన గ్రంథాలకు ఇది వర్తించదు. నష్టాన్ని వినియోగంతో ముడిపెట్టిన తీరు ఇందులో గమనించదగింది. ఎక్కువ పుస్తకాలు బయటకు వెళ్తే ఎక్కువ పోవడం నేరం కాదని ఒప్పుకునే నిబంధన అది. గ్రామీణ ఉన్నత పాఠశాల ఇన్‌చార్జికి ఆచరణలో ఈ ధీమా లేదు.

7. ఉపవాచకమనే ప్రత్యామ్నాయం

పుస్తకం బీరువాలో ఉండిపోతే స్వతంత్ర పఠనం అవసరాన్ని బడి ఎలా తీర్చుకుంది? తెలుగు బోధకులమైన మనకు దగ్గరి ప్రశ్న ఇది. దానికి వ్యవస్థ కనిపెట్టిన సమాధానం ఉపవాచకం.

భాషాబోధన సిద్ధాంతంలో వాచకం సూక్ష్మ పఠనానికి, ఉపవాచకం విస్తార పఠనానికి. పదం పదం విడదీయకుండా, కథావేగంతో, ఆనందం కోసం చదవవలసినది ఉపవాచకం. గ్రంథాలయం వైపు వేసిన మెట్టు అది. కాని ప్రతి విద్యార్థికీ ఒకే ఉపవాచకం నిర్ణయించి, దానిపై ప్రశ్నలు అడిగి, మార్కులు కేటాయించిన క్షణంలో అది రెండో వాచకమైంది. పదో తరగతి ఉపవాచకంగా రామాయణ కథ ఉంది. పరీక్షలో సంఘటనలను వరుసక్రమంలో అమర్చమని అడుగుతారు. ఆ ప్రశ్నకు సిద్ధమయ్యే విద్యార్థి రామాయణాన్ని చదవడు, సంఘటనల పట్టికను చదువుతాడు. క్యాంప్‌బెల్ చూసిన అప్పజెప్పడం వచనంలోకి మారిందంతే.

2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం తర్వాత వచ్చిన రాష్ట్ర పాఠ్యపుస్తకాలు ఈ స్థితిని మార్చాలని గట్టిగా ప్రయత్నించాయి. పాఠం చివర ప్రాజెక్టు పనిలో గ్రంథాలయానికి వెళ్లి ఫలానా కవి గురించి, ఫలానా ప్రక్రియ గురించి సేకరించి నివేదిక రాయమన్నాయి. నిరంతర సమగ్ర మూల్యాంకనంలో కథల పుస్తకం చదివి ప్రతిస్పందన రాయడం ఒక అంశమైంది. ఆలోచన శ్లాఘనీయం. పాఠ్యపుస్తకం తనకు బయట ఉన్న పుస్తకాన్ని గుర్తించడం మన విద్యాచరిత్రలో చిన్న విషయం కాదు. కాని పాఠ్యపుస్తకం పంపిన విద్యార్థికి తలుపు తెరిచే గ్రంథాలయం లేకపోవడంతో, నివేదిక గైడు నుంచో ఇంటర్నెట్ నుంచో వస్తోంది. డిగ్రీ మొదటి సంవత్సరం తెలుగు తరగతిలో, మీరు పూర్తిగా చదివిన పాఠ్యేతర తెలుగు పుస్తకం పేరు చెప్పండని అడిగినప్పుడు ఏర్పడే నిశ్శబ్దం అధ్యాపక పాఠకులకు పరిచితమే. వారిలో చాలామంది పుస్తక సమీక్షకు మార్కులు తెచ్చుకున్నవారే.

ఒక తరానికి ఈ లోటును బడి తీర్చకపోయినా బజారు కొంత తీర్చింది. 1945లో న్యాయపతి దంపతుల ‘బాల’, 1947 జూలైలో మొదలైన ‘చందమామ’ పిల్లలకు అర్థమయ్యే వచనాన్ని ఇంటికి చేర్చాయి. రారా, ఉప్పల లక్ష్మణరావు వంటివారు మాస్కోలో ఉండి చేసిన అనువాదాలు, బొమ్మలతో, చవక ధరకు విశాలాంధ్ర దుకాణాల్లో దొరికేవి. తెలుగు మాధ్యమంలో చదివి రచయితలైన పలువురి పఠన జ్ఞాపకాల్లో ఈ పుస్తకాలకూ, ఊరి శాఖా గ్రంథాలయానికీ ఉన్న స్థానం బడి బీరువాకు ఎందుకు లేదో ఆలోచించాలి. స్వీయచరిత్రలను ఈ దృష్టితో చదివే పరిశోధన తెలుగు శాఖల్లో జరగవలసి ఉంది. సోవియట్ పుస్తకాలు ఆగిపోయాయి, చందమామ ఆగిపోయింది. బజారుపై ఆధారపడిన పఠనానికి ఉండే పరిమితి అది.

8. హక్కు, పనుల జాబితా

1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు ప్రాథమిక పాఠశాలకు ఉండవలసిన కనీస సామగ్రిలో గ్రంథాలయ పుస్తకాలను చేర్చింది. 2009 విద్యాహక్కు చట్టం ఇంకా ముందుకు వెళ్లింది. దాని షెడ్యూలు ప్రకారం ప్రతి బడిలోనూ వార్తాపత్రిక, పత్రికలు, కథల పుస్తకాలతో సహా గ్రంథాలయం ఉండాలి. సమగ్ర శిక్ష కింద పాఠశాల స్థాయిని బట్టి ఏటా 5,000 నుంచి 20,000 రూపాయల వరకు గ్రంథాలయ గ్రాంటు వచ్చింది. కాగితం మీద హక్కు పూర్తయింది.

మౌలిక వసతుల పథకాల దగ్గర మాత్రం పాత గీత మళ్లీ కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో నాడు-నేడు కార్యక్రమం మొదటి దశ తొమ్మిది అంశాలతో 2019 నవంబర్ 14న మొదలైంది. మరుగుదొడ్లు, తాగునీరు, మరమ్మతులు, విద్యుత్తు, బల్లలు, ఆకుపచ్చ బోర్డులు, రంగులు, ఇంగ్లీషు ల్యాబు, ప్రహరీ గోడ ఆ జాబితాలో ఉన్నాయి. గ్రంథాలయం లేదు. అది గ్రంథాలయ వారోత్సవాల మొదటి రోజు, మద్రాసు మహాసభకు సరిగ్గా నూరేళ్లు నిండిన రోజు. తెలంగాణలో 2022లో వచ్చిన మన ఊరు - మన బడి పన్నెండు అంశాల్లో కూడా గ్రంథాలయానికి విడిగా చోటు దక్కలేదు. ఆ జాబితాల్లో ఉన్నవి అనవసరమైనవని ఎవరూ అనలేరు. నీళ్లు లేని బడిలో గ్రంథాలయం గురించి మాట్లాడడం ఎగతాళి అవుతుంది. అయితే రెండు ప్రభుత్వాలు, రెండు రాష్ట్రాల్లో, వేర్వేరుగా ఆలోచించి ఒకే వస్తువును వదిలిపెట్టినప్పుడు, దాన్ని పొరపాటు అనలేం. బడి అంటే ఏమిటన్న మన సామూహిక భావనలో గ్రంథాలయం ఇంకా లోపలికి రాలేదు.

పథకాలు వదిలినదాన్ని ప్రచారాలు పట్టుకున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ‘చదవడం మాకిష్టం’, తెలంగాణలో 2022 ఫిబ్రవరిలో వంద రోజుల ‘రీడ్’ కార్యక్రమం వచ్చాయి. కాలపట్టికలో పఠనానికి సమయం కేటాయించడం ఇలాంటి కార్యక్రమాలు తేగల అసలు మేలు. గది, గ్రాంటు, పుస్తకం ఉన్నా పీరియడ్ లేకపోతే గ్రంథాలయం లేనట్లే. కాని ప్రచారానికి గడువు ఉంటుంది. నూట ఒకటో రోజున ఆ పీరియడ్ మళ్లీ గణితానికో ఆంగ్లానికో వెళ్తుంది.

1953 కమిషన్ పాఠశాల గ్రంథాలయాన్నీ పౌరగ్రంథాలయాన్నీ పరస్పరం పూరకాలుగా చూసింది. రెండు రాష్ట్రాల్లోనూ నేడు పౌరగ్రంథాలయాల శాఖ విద్యాశాఖ పరిధిలోనే ఉంది. చాలా మండల కేంద్రాల్లో శాఖా గ్రంథాలయం, ఉన్నత పాఠశాల ఒకదానికొకటి నడక దూరంలో ఉంటాయి. శాఖా గ్రంథాలయం తెరిచేది సాధారణంగా ఉదయం, సాయంత్రం. మధ్యలో అది మూసి ఉన్న గంటల్లోనే బడి నడుస్తుంది. పన్ను పద్దు ఉన్న సంస్థ నుంచి, పిల్లలు ఉన్న సంస్థకు నెలకొక పుస్తకాల పెట్టె వెళ్లి మారిరావడానికి కొత్త చట్టం అవసరం లేదు. బరోడా పెట్టె, పాతూరి పడవ చేసిన పనే అది. పోయిన కథల పుస్తకాన్ని వినియోగ నిష్పత్తిని బట్టి రిజిస్టరు నుంచి కొట్టివేసే అధికారం ప్రధానోపాధ్యాయుడికి ఇచ్చే ఉత్తర్వు ఒకటి మాత్రం అంతకంటే ముందు కావాలి.